గాదె అడుగంటకముందే

(అనంతపురంలో డిగ్రీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కరువు గురించి అనంతపురం వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వేరుశనగ ఎండిపోయిందని తెలిసిన ఇంట్లో, జొన్నలు అయిపోయేదాకా ఎవరూ కూర్చోరు. గాదెలో ఇంకా గింజలుండగానే బెంగళూరు మాట మొదలవుతుంది. ఇవాళ నేను చెప్పబోయే జీవిదీ ఇదే లెక్క.

దాని పేరు డిక్టియోస్టీలియం. నోరు తిరగకపోతే ‘డిక్టీ’ అనండి, పరిశోధకులూ అలాగే పిలుస్తారు. స్లైమ్ మోల్డ్ అంటారు గానీ ఇది బూజు కాదు, అమీబా. మట్టిలో బాక్టీరియాను తింటూ, రెండుగా చీలుతూ, ఎవరి బతుకు వాళ్లదన్నట్టు ఉంటుంది. తిండి తగ్గితే మాత్రం లక్ష దాకా అమీబాలు ఒక్కచోట చేరతాయి. 24 గంటల్లో సన్నటి కాడ, దాని కొసన సిద్ధబీజాల (స్పోర్ల) ముద్ద లేస్తాయి. కాడగా మారిన కణాలు, అంటే దాదాపు ఐదో వంతు, చనిపోతాయి.

మరి పెరగడం ఆపి విభేదనంలోకి, అంటే కణాలు కాడగానో బీజాలుగానో మారే దశలోకి, దిగే వేళ ఎలా తెలుస్తుంది? తింటున్నంతసేపూ ప్రతి అమీబా పీఎస్ఎఫ్ అనే సంకేతాన్ని బయటికి వదులుతుంది. చుట్టూ బాక్టీరియా దండిగా ఉంటే అది వాటి చెవికెక్కదు. అమీబాలు పెరిగి తిండి పలచబడితే వినిపిస్తుంది. అంటే అవి కొలిచేది ఆకలిని కాదు. ఎన్ని నోళ్లకు ఎంత తిండి ఉందన్నది.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, నేనూ మొదట్లో తికమకపడ్డాను. విభేదనం నడవాలంటే పీకేఏ అనే ఎంజైమ్ కావాలి. దాని ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి, అంటే జన్యువు సమాచారాన్ని మోసే నకలు నుంచి, ప్రొటీన్ తయారవకుండా పఫ్‌ఏ అనే మరో ప్రొటీన్ అడ్డుకుంటుంది. సంకేతం అందాక యాక్‌ఏ అనే కైనేజ్ (ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) ఆ పఫ్‌ఏను తగ్గిస్తుంది. అడ్డు తొలగాక పీకేఏ పెరుగుతుంది. 1998, 99ల్లో శాస్త్రవేత్త ఆడమ్ కుస్పా బృందం ఇది తేల్చింది. యాక్‌ఏ జన్యువు తీసేస్తే అమీబాలు చిన్నవై, తొందరతొందరగా చీలుతాయి, గుంపు మాత్రం కట్టవు. వాటిలోనే పఫ్‌ఏను కూడా తీసేస్తే మళ్లీ గుంపు కడతాయి! ఒకటి చెడితే ఆగిన పని, రెండోదీ చెడితే నడిచింది. జన్యుశాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగాలు ఇలాంటివే.

జీడీటీ1 అనే ఇంకో జన్యువుదీ బ్రేకు పనే. అది లేని అమీబాలు వేళకు ముందే విభేదనం మొదలుపెడతాయి.