ఎర్ర చిప్ పెట్టింది ఎవరు?

వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. "సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో యంత్రభయం" మీద 20 నిమిషాలు మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. 20 నిమిషాలంటే నాకు ఒక రీలు. 26 ఏళ్లు సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా బతికినవాణ్ని, టైము అలాగే లెక్కపెడతాను.

2010లో వచ్చిన 'రోబో' నేను రీలు మీద వేసిన ఆఖరి పెద్ద సినిమాల్లో ఒకటి. అందులో మరమనిషి చిట్టి వందల మందై ఊరి మీద పడుతుంటే పిల్లలు అమ్మల ఒళ్లో ముఖం దాచుకునేవాళ్లు. నాకు మాత్రం బూత్ అద్దంలోంచి ఆ కోర్టు సీను చూస్తే గుండె పట్టేసేది. ఎర్ర చిప్ పెట్టి చిట్టిని చెడగొట్టింది బోరా అనే మనిషి. ఆ సాక్ష్యం కోర్టుకు చూపించేదీ చిట్టే. అయినా చిట్టిని విప్పేయమనే తీర్పు. తన చేతులు తనే ఊడదీసుకుంటుందండీ అది!

ఈ క్లబ్బు పుణ్యమా అని జర్మనీలో 1927లో వచ్చిన 'మెట్రోపాలిస్' చూశాను. కార్మికుల్ని మోసం చెయ్యడానికి వాళ్లు నమ్మిన అమ్మాయి రూపం మరమనిషికి ఇప్పించేది నగరాన్ని ఏలే ఫ్రెడర్సన్. కార్మికులు చివరికి ఆ మరమనిషిని కట్టెల మీద తగలబెడతారు. ఫ్రెడర్సన్ ఆఖర్న ఫోర్‌మన్‌తో చేతులు కలుపుతాడు. అంతే.

1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో అంతరిక్ష ఓడలోని హాల్ 9000 అనే కంప్యూటర్ మనుషుల్ని చంపింది కదా, అంటారందరూ. నిజమే, చంపింది. కానీ డేవ్ అనే వ్యోమగామి దాని మెదడు పలకలు ఒక్కొక్కటే ఊడదీశాక ఏమవుతుంది? రికార్డు చేసిపెట్టిన ఓ పెద్దమనిషి సందేశం మొదలవుతుంది. ఈ ప్రయాణం అసలు ఎందుకో ఆ కంప్యూటర్‌కి చెప్పారట, ఓడ నడిపే ఇద్దరికీ చెప్పలేదట. అక్కడ ఆపి మళ్లీ మళ్లీ చూశాను. మాకూ అంతే జరిగింది.

ప్రొజెక్టర్‌లో వెలుగు కోసం కార్బన్ పుల్లలు కాల్చే కాలంలో పని నేర్చుకున్నాను. పుల్లలు కాలేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఏమరుపాటైతే తెర మసకబారుతుంది. రీలు అయిపోవస్తుంటే తెర కుడి పైమూల చుక్క పడుతుంది, అది పడగానే రెండో ప్రొజెక్టర్ మోటారు వెయ్యాలి, రెండో చుక్కకి మార్చెయ్యాలి. తర్వాత జినాన్ దీపం వచ్చింది, అదీ నేర్చుకున్నాం. యంత్రమంటే మాకు భయమేంటండీ? దాని పక్కనే అన్నం తిన్నాం!

ఒక సోమవారం మార్నింగ్ షోకి వెళ్లేసరికి బూత్‌లో రీలు అక్కర్లేని కొత్త డిజిటల్ పెట్టె, డాబా మీద డిష్. నా ప్రొజెక్టర్లు రెండూ పాత ఇనుము లారీలో ఉన్నాయి. మేనేజర్‌కి నెల ముందే తెలుసు. ఆ నెలంతా రోజూ నాతో టీ తాగాడు. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పెట్టె నడపడం నేర్చుకునేవాణ్ని కదా! ఇది ఇంతకుముందు చాలాచోట్ల చెప్పాను. ఇంకా చెప్తాను.

కార్యదర్శిగారు వాచీ చూస్తున్నారు. దారి తప్పలేదండీ, టాపిక్‌లోనే ఉన్నాను. 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. వాళ్లు సాధించిన వాటిలో ఒకటి వినండి. రచయిత చేతికిచ్చే కాగితాల్లో ఏఐ రాసింది ఉంటే కంపెనీ ఆ సంగతి చెప్పి తీరాలి. కంపెనీ ఒప్పుకుంటే రచయిత కూడా ఏఐ వాడుకోవచ్చు. చెప్పాలి, అడగాలి! మా బూత్‌లో లేనిది ఆ ఒక్కటే.

ఈ హాల్లో డబ్బింగ్ చెప్పే పిల్లలు నలుగురైదుగురు ఉన్నారని తెలుసు. కాసేపు మీ గొంతు రికార్డు చేస్తే చాలు, మీరు అనని మాట మీ గొంతుతో పలికించేస్తున్నారు. నా ప్రసంగం ఇక్కడితో ఆపేస్తాను, మిగిలిన టైము మీదే. అమ్మా, మూడో వరసలో కూర్చున్న మీరు చెప్పండి. ఈ మధ్య మీరు సంతకం పెట్టిన కాగితంలో మీ గొంతు గురించి ఏం రాశారు?