నెట్ ప్లాన్ పెంచే ముందు: ట్యాబ్‌లో పెళ్ళి వీడియో ఎందుకు ఆగి ఆగి వస్తుంది

అందరికీ నమస్కారం అండి. వెనకాల వినపడుతుందా? ఆ ఫ్యాను చప్పుడుకి వినపడకపోతే ముందుకు వచ్చెయ్యండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

లైబ్రరీ వాళ్ళు కంప్యూటర్ల గురించి ఏదో ఒకటి మాట్లాడమన్నారు. ఏదో ఒకటి అంటే ఏం మాట్లాడతాం, అందుకని మన కోనసీమలో ఏ ఇంటికి వైఫై పని మీద వెళ్ళినా నన్ను అడిగే మాటే తీసుకున్నాను. ట్యాబ్‌లో వీడియో స్ట్రక్ అయిపోతుందండి, ఏం చెయ్యాలి అని. ఏ వీడియో అంటే ఎక్కువగా పెళ్ళి వీడియోనే. వీడియో అతను హార్డ్ డిస్క్‌లో వేసి చేతికిచ్చి వెళ్ళిపోతాడు, మనం దాన్ని తీసుకెళ్ళి వైఫై బాక్స్ వెనక గుచ్చి, అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన ట్యాబ్‌లో మంచం మీద కూర్చుని హాయిగా చూద్దాం అనుకుంటాం, జీలకర్ర బెల్లం దాకా బాగానే వచ్చి సరిగ్గా తలంబ్రాల దగ్గర ఆగిపోద్ది. అక్కడే ఎందుకు ఆగుద్దో తర్వాత చెప్తాను, దానికి కారణం ఉంది, దిష్టి కాదు.

ఆగగానే అందరూ చేసే పని ఒకటే, కేబుల్ కుర్రాడికి ఫోన్ చేసి ప్లాన్ పెంచెయ్ అనడం. సెకనుకి యాభై మెగాబిట్లు ఉన్నది వంద అవుద్ది, నెలకి డబ్బులు పెరుగుతాయి, తలంబ్రాలు అక్కడే ఆగుతాయి. ఎందుకంటే ఆ వీడియో మీ హార్డ్ డిస్క్‌లోంచి బాక్స్‌లోకి, బాక్స్‌లోంచి గాలిలో ట్యాబ్‌కి వస్తుంది, అంతే, గుమ్మం దాటి బయటికి వెళ్ళనే వెళ్ళదు. తుపాను వచ్చి లైను తెగి రెండ్రోజులు నెట్ లేకపోయినా ఇంట్లో కరెంటు ఉంటే చాలు ఆ వీడియో ఆడుద్ది. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఎంత నిండుగా ఉన్నా మన బోదె పూడిపోతే శివారు చేను తడవదు కదండీ, పూడిక తియ్యాల్సింది ఇక్కడ.

అప్పుడు వెంటనే వచ్చే అనుమానం ఏంటంటే, మరి యూట్యూబ్ బాగానే వస్తుంది కదా అని. మంచి అనుమానమేనండి, అసలు గుట్టు అక్కడే ఉంది. యూట్యూబ్ వాడైనా ఓటీటీ వాళ్ళైనా ఒకే సినిమాని నాలుగైదు సైజుల్లో తయారుచేసి, ఒక్కోదాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పెట్టుకుంటారు. మీ వైఫై బలంగా ఉంటే పెద్ద ముక్క పంపుతారు, నీరసపడితే తర్వాతి ముక్క చిన్న సైజుది పంపుతారు, మీకు బొమ్మ కాస్త మసకబారుద్ది గానీ ఆగదు. మీ పెళ్ళి వీడియోకి ఆ తెలివి లేదు, ఉన్నది ఒకటే ఫైలు, దాని బరువు తగ్గదు. పైగా ఓటీటీ వాళ్ళు 4కే సినిమాకి సెకనుకి 15 మెగాబిట్లు ఉంటే చాలంటారు, మన వీడియో అతను ఇచ్చే 4కే దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. బొమ్మ తేటగా ఉండాలని అతని తాపత్రయం, తప్పు పట్టలేం.

మీ ఫైలు బరువు మీరే లెక్కేసుకోవచ్చు, కష్టం కాదు. ఉదాహరణకి మూడు గంటల వీడియో 40 జీబీ ఉందనుకుందాం. జీబీని మెగాబైట్లు చేస్తే 40 వేలు, బైటుకి 8 బిట్లు కాబట్టి 3 లక్షల 20 వేల మెగాబిట్లు. మూడు గంటలంటే 10,800 సెకన్లు. భాగిస్తే సెకనుకి దాదాపు 30 మెగాబిట్లు. ఇది సగటు మాత్రమే. పంతులుగారు మంత్రాలు చదువుతూ కూర్చున్నప్పుడు ఫ్రేముకీ ఫ్రేముకీ పెద్దగా మార్పు ఉండదు కాబట్టి తక్కువ సరిపోద్ది. తలంబ్రాలు అలా కాదు, వేలాది బియ్యపు గింజలు, రంగు థర్మోకోల్ ఉండలు, పైనుంచి పూల వాన, వెనక లైట్ల మెరుపులు, ప్రతి గింజా ఒక్కో దిక్కుకి ఎగురుద్ది. వీడియోని కుదించే పద్ధతి మొత్తం పాత ఫ్రేములో ఉన్నదే మళ్ళీ వాడుకోవడం మీద నడుస్తుంది, ఇక్కడ వాడుకోడానికి ఏమీ మిగలదు, అందుకని ఆ కాసేపూ బరువు సగటుని దాటి ఎక్కడికో పోద్ది. జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియో తీసినవాళ్ళకి కూడా ఇదే తంటా, అంత జనం అన్ని రంగుల మధ్య ప్రభ కౌశిక నది దాటుతున్నప్పుడే ఆగుద్ది.

సరే, ఆగిన రోజున ముందు ఏం చెయ్యాలి. నా మట్టుకు నేను ఏ ఇంటికెళ్ళినా వైఫై బాక్స్ ముట్టుకోను. ఆగే చోటు ఉన్న ఫైలుని ట్యాబ్ లోపలికే కాపీ చేస్తాను, వైఫై ఆపేస్తాను, అప్పుడు ఆడిస్తాను. చోటు సరిపోకపోతే పెన్ డ్రైవ్‌లో వేసి, ఫోన్‌కి పెట్టే ఓటీజీ పిన్ను ఉంటుంది కదా, దాంతో ట్యాబ్‌కి గుచ్చినా సరే. అప్పుడు కూడా ఆగిందంటే మీ వైఫైకి ఏ పాపం తెలియదు, ట్యాబే మొయ్యలేకపోతుంది. చక్కగా ఆడిందంటే ట్యాబ్ మంచిదే, దారిలో ఎక్కడో ఇబ్బంది. ఈ ఒక్క పని చెయ్యకుండా బాక్సు మార్చడం, యాంటెన్నాలు తిప్పడం అన్నీ చీకట్లో వెతుకులాటే.

కాపీ చేసే ఓపిక లేకపోతే చెవితో కూడా కొంత పట్టొచ్చు. మాటా సన్నాయీ ఆగకుండా వినపడుతూ బొమ్మ మాత్రం బిగుసుకుపోయి, మళ్ళీ గబుక్కున నాలుగు అడుగులు ముందుకు దూకితే అది సాధారణంగా ట్యాబ్ బలహీనత. మాటా బొమ్మా రెండూ కలిసి ఆగి మధ్యలో గుండ్రం తిరిగితే డేటా అందట్లేదని అర్థం.

ట్యాబ్ వైపు తేలింది అనుకోండి. వీడియోని విప్పడానికి ట్యాబ్ చిప్పులో దానికంటూ వేరే భాగం ఉంటుంది, అది కొన్ని రకాలే విప్పగలదు. వీడియోని కుదించే రకాల్లో 2003లో వచ్చిన హెచ్.264 దాదాపు అన్నీ విప్పుతాయి, 2013లో వచ్చిన హెచ్.265 పాత ట్యాబ్‌లకి రాదు. ఇప్పటి పెద్ద కెమెరాల్లో 10 బిట్, 4:2:2 అని రంగుల వివరం ఎక్కువ దాచుకునే ఒక రకం ఉంది, ఎడిటింగుకి బ్రహ్మాండం, మన ట్యాబ్‌లలో మాత్రం చాలావాటికి కొరుకుడు పడదు. అప్పుడు ఆ పని మామూలు ప్రాసెసర్ నెత్తిన పడుద్ది, వెనక వేడెక్కుద్ది, వేడెక్కితే అదే తన స్పీడు తగ్గించుకుంటుంది, ఇంక ఆగుళ్ళే ఆగుళ్ళు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం, రబ్బరు కవరు తొడిగి, ఛార్జింగ్ పెట్టి, దిండు మీద ఆనించి 4కే వీడియో పెడితే ఏ ట్యాబ్ అయినా ఏం చేస్తుంది చెప్పండి. కవరు తియ్యండి, ఛార్జర్ పీకండి, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే ఆపండి. వీఎల్‌సీ ప్లేయర్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్, అంటే చిప్పులో ఆ వేరే భాగాన్ని వాడుకోవడం, ఆగిపోయి ఉందేమో చూసుకోండి, ఇంట్లో పిల్లలు అన్నీ నొక్కేస్తారు.

ఇంక దారి సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు చెప్తాను.

మన ఇళ్ళల్లో వైఫై ఎక్కువగా రెండు రకాల్లో వస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది గోడలు బాగా దాటుద్ది గానీ ఇరుకు, రెండోది వెడల్పు గానీ గోడ అడ్డమొస్తే తొందరగా చచ్చిపోద్ది. ట్యాబ్‌లో వైఫై పేరు మీద నొక్కితే చాలావాటిలో లింక్ స్పీడ్ అని మెగాబిట్లలో ఒక అంకె కనపడుద్ది. ఒకే యాంటెన్నా ఉన్న చవక ట్యాబ్ 2.4 మీద మామూలుగా 72 దగ్గర ఆగుద్ది, అదే 5 మీద 433 దాకా చూపించొచ్చు. చూపించిన దాంట్లో చేతికొచ్చేది ఇంచుమించు సగమే, అంటే 72 లో ముప్పై నలభై, అదీ బాక్సు ఎదురుగా కూర్చుంటే. మనం లెక్కేసిన పెళ్ళి వీడియో సగటే 30, మరి తలంబ్రాలు ఎలా పడతాయండి. కాబట్టి బాక్సులో 5 ఉంటే దానికి వేరే పేరు పెట్టించుకుని ట్యాబ్‌ని దానికే కట్టెయ్యండి, రెండింటికీ ఒకటే పేరుంటే ట్యాబ్ తనకి నచ్చినప్పుడు 2.4 లోకి జారిపోద్ది. చెవిలో బ్లూటూత్ పెట్టుకుని చూసేవాళ్ళకి ఇంకో మాట, బ్లూటూత్ కూడా 2.4 లోనే నడుస్తుంది, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే, అందుకని వంటింట్లో అన్నం వేడి చేస్తున్నంతసేపూ హాల్లో వీడియో ఆగిన ఇళ్ళు చూశాను.

మన ఇళ్ళ సంగతి తెలిసిందే కదా. పాత మండువా లోగిళ్ళు గోడలు మందం అయినా మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి బాక్సు ఆ ఖాళీ వైపు పెడితే నాలుగు వైపులా బాగానే అందుద్ది. కొత్త స్లాబ్ ఇళ్ళే కష్టం. కేబుల్ కుర్రాడు వైరు ఎక్కడ లోపలికొస్తే అక్కడే, అంటే వరండాలో మీటరు బోర్డు పక్కనో ఇనుప బీరువా మీదో బాక్సు బిగించేసి వెళ్ళిపోతాడు, చూసేది ఏమో ఆఖరి గదిలో. ఇంకో పది మీటర్లు వైరు లాగించి బాక్సుని హాలు మధ్యకి తెచ్చుకుంటే చాలా ఇళ్ళలో గొడవ వదిలిపోద్ది, కొత్త బాక్సు కొనక్కర్లేదు.

కొందరు అందని గదిలో రిపీటర్ పెడతారు, సిగ్నల్ గీతలు నిండుగా కనపడతాయి, వీడియో ఇంకా ఎక్కువ ఆగుద్ది. చవక రిపీటర్ ఒకే గాలిలో ఒకసారి విని, అదే మళ్ళీ ఒకసారి చెప్పాలి, అందుకే స్పీడు సగం పోద్ది, అందని చోట పెడితే వినేదే అంతంతమాత్రం. పెడితే మధ్య దారిలో పెట్టండి. ఇదే తిరకాసు ఇంకోచోట ఉంది, ఎవరూ గమనించరు. వీడియో ల్యాప్‌టాప్‌లో ఉండి, ల్యాప్‌టాప్ కూడా వైఫై మీదే ఉంటే ప్రతి బిట్టూ గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది, ల్యాప్‌టాప్ నుంచి బాక్స్‌కి ఒకసారి, బాక్స్ నుంచి ట్యాబ్‌కి ఒకసారి. ల్యాప్‌టాప్‌కి ఒక్క లాన్ వైరు గుచ్చండి, దారి సగం ఖాళీ అవుద్ది.

టౌన్లో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి పక్కింటి వైఫైలు కూడా అడ్డమే. 2.4 ని ఛానెళ్ళని సన్న దారులుగా పంచారు, వాటిలో ఒకదాన్నొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే, ఖాళీగా ఉంది కదా అని 3 లో పెడితే అటు 1 తోనూ ఇటు 6 తోనూ గొడవే. కొబ్బరితోట మధ్య ఇల్లున్నవాళ్ళకి ఈ బాధ లేదు.

హార్డ్ డిస్క్ నేరుగా బాక్స్‌కి గుచ్చారా, అక్కడా ఒకటుంది. చిన్న బాక్సుల ప్రాసెసర్ ఫైళ్ళు పంచడానికి పుట్టింది కాదు, పైగా యూఎస్‌బీ 2.0 పిన్ను ఇవ్వాల్సిన కరెంటు 500 మిల్లీ ఆంపియర్లే, డిస్క్ తిరగడానికి అది చాలకపోతే టిక్ టిక్ మంటూ ఆగి మళ్ళీ మొదలవుద్ది. అలా వినపడితే కంప్యూటర్‌కి మార్చండి, లేకపోతే డిస్కే పోతే పెళ్ళి మొత్తం పోద్ది.

అన్నీ సరిగ్గా ఉండి కూడా దిండి ఊరి దగ్గర గోదావరి మీద తీసిన డ్రోన్ షాట్ మెల్లగా పక్కకి తిరిగేటప్పుడు చిన్నగా కుదుపుతూ ఉంటుంది చూడండి, దానికి పైవేవీ కారణం కాదు. మన లైట్ల కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇక్కడ కెమెరాలు ఎక్కువగా సెకనుకి 25 ఫ్రేములు తీస్తాయి, ట్యాబ్ స్క్రీను 60 సార్లు మారుద్ది, 60 ని 25 తో భాగిస్తే సమానంగా రాదు, కొన్ని ఫ్రేములు రెండుసార్లు కొన్ని మూడుసార్లు కనపడతాయి. దానికోసం ఖర్చు పెట్టకండి, సర్దుకుపోవడమే.

నన్నడిగితే అసలు మందు వీడియో అతని దగ్గరే ఉంది. బేరం మాట్లాడేటప్పుడే రెండు కాపీలు అడగండి, ఒకటి దాచుకోడానికి 4కే, ఇంకొకటి ట్యాబ్‌కీ ఫోన్‌కీ 4కే కంటే చిన్న సైజు 1080పీ, హెచ్.264, సెకనుకి ఎనిమిది పది మెగాబిట్లు. పదంగుళాల తెర మీద తేడా మీ కంటికి ఆనదు, అత్తగారి పట్టుచీర అంచుతో సహా కనపడుద్ది. పెళ్ళి ఎప్పుడో అయిపోయిందా, హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, కంప్యూటర్‌లో వేసుకుని ఫాస్ట్ 1080పీ30 అనేది ఎంచుకుని, వెబ్ ఆప్టిమైజ్డ్ దగ్గర టిక్కు పెట్టండి, టిక్కు పెడితే ఫైలు సూచిక ముందుకొచ్చి నెట్‌వర్క్ మీద తొందరగా మొదలవుద్ది. పాత కంప్యూటర్ అయితే రాత్రంతా పట్టొచ్చు, ఇన్వర్టర్ మీద పెట్టి పడుకోండి. అయ్యాక పాతది చెరిపెయ్యకండి, ఎప్పటికైనా పెద్ద టీవీ కొంటారు.

సరేనండి, కాఫీలు వచ్చినట్టున్నాయి. ట్యాబ్‌లు తెచ్చుకున్నవాళ్ళు ఆ కిటికీ పక్క ప్లగ్గు దగ్గరికి రండి, లింక్ స్పీడ్ ఎక్కడ చూడాలో ఒక్కొక్కరికీ చూపిస్తాను, కవర్లు మాత్రం ముందే తీసేసి రండి.