పెట్టెలో వచ్చిన పెన్సిల్వేనియా తుపాకీ

సభకు నమస్కారం.

మన సంఘం సాంస్కృతిక సమావేశంలో తుపాకీ గురించి ప్రసంగమేమిటని కార్యవర్గంలోని పెద్దలు కొందరు సందేహించారు. వారి సందేహం సబబే. నా మాటల్లో కాల్చడం ప్రసక్తి చాలా తక్కువగా, మేపుల్ చెక్క, ఇత్తడి, అవిసె నూనె, తుప్పు ప్రసక్తి చాలా ఎక్కువగా ఉంటుందని చెప్పి వారిని ఒప్పించాను. మా తాతగారు గుంటూరు జిల్లా పల్లెలో బండిచక్రాలు చేసిన వడ్రంగి. ఆయన ఉలి పట్టిన తీరును చిన్నప్పుడు చూడడం తప్ప నేను నేర్చుకున్నదేమీ లేదు. పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ చాలా ఏళ్ళకు, ఈ నేలమీదనే పుట్టిన ఒక వస్తువును నా చేతులతో చేయాలన్న కోరిక కలిగి, విడిభాగాలుగా అమ్మే ఒక తుపాకీ పెట్టెను తెప్పించుకున్నాను. పద్నాలుగు నెలల శని, ఆదివారాలు దానికే ఖర్చయ్యాయి.

మూతిలోంచి మందు దట్టించి, దానిమీద నూనె గుడ్డలో చుట్టిన సీసపు గుండును కర్రతో లోపలికి నెట్టి, చెకుముకి రాయి రవ్వతో పేల్చే తుపాకీ ఇది. గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు ఉంటాయి గనుక గుండు గిరగిర తిరుగుతూ సూటిగా పోతుంది. పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో జర్మనీ నుంచి, స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చిన పనివారు తమ వెంట యేగర్ అనే వేట తుపాకీని తెచ్చారు. దాని గొట్టం పొట్టి, గుండు పెద్దది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పరిసరాల్లో స్థిరపడ్డ ఆ పనివారు క్రమంగా గొట్టాన్ని నలభై అంగుళాలు దాటించి, గుండును అర అంగుళానికి అటూ ఇటూ తగ్గించారు. రోజుల తరబడి అడవిలో తిరిగే వేటగాడికి గుండు చిన్నదైతే సీసమూ మందూ రెండూ కలిసివస్తాయి. యూరప్‌లో వాడే వాల్‌నట్‌కు బదులు ఇక్కడి చారల మేపుల్ వచ్చింది. 1815 నాటి న్యూ ఆర్లియన్స్ యుద్ధం తరువాత కెంటకీ వేటగాళ్ళను పొగుడుతూ వచ్చిన ఒక పాట పుణ్యమా అని ఈ తుపాకీకి కెంటకీ పేరు స్థిరపడింది గాని, పుట్టిల్లు మాత్రం మన పెన్సిల్వేనియాయే. కెంటకీ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే వేటగాడు డేనియల్ బూన్ సైతం 1734లో ఇక్కడి బెర్క్స్ కౌంటీలో పుట్టినవాడే.

పెట్టెలో వచ్చిన భాగాలను కూర్చితే అది చేసినట్లా, అతికించినట్లా అని నన్ను చాలామంది అడిగారు. మొదట్లో నాకూ కొంత సిగ్గుగానే ఉండేది. చరిత్ర చదివిన కొద్దీ ఆ సిగ్గు పోయింది. నిప్పురవ్వ పుట్టించే తాళాన్ని, అంటే చెకుముకిని పట్టుకునే కోడి, అది కొట్టుకునే ఉక్కు రేకు, లోపలి స్ప్రింగులు కలిసిన యంత్రాన్ని, ఆనాటి లాంకాస్టర్ పనివారిలో ఎక్కువమంది స్వయంగా చేసుకోలేదు. బర్మింగ్‌హామ్‌లోని కెట్‌లాండ్ వంటి తయారీదారుల తాళాలు ఓడలమీద వచ్చేవి. గొట్టాలు నీటిమర మిల్లుల నుంచి దొరికేవి. ఇంగ్లండు తాళాన్ని, మిల్లు గొట్టాన్ని తెచ్చుకుని, స్థానికమైన మేపుల్ దుంగలో వాటిని పొదిగి, ఆ చెక్కకు రూపమూ నగలూ ఇవ్వడమే పనివాడి పని. అతని పేరు నిలబడింది ఆ రూపంతోనే. ఇనుప కడ్డీ కాల్చి గొట్టం చుట్టడం మొదలు తాళం మరలదాకా మొత్తం తుపాకీని ఒక్క చేతిమీద చేసినవారు ఆధునిక కాలంలో చాలా అరుదు. 1960లలో, వర్జీనియాలో పాతకాలపు పట్టణాన్ని తిరిగి నిలబెట్టిన కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో వాలెస్ గస్లర్ అది చేసి చూపించారు. మిగిలినవారమంతా ఏదో ఒక మేరకు పెట్టె విప్పినవారమే.

నా పెట్టెలోని చెక్క యంత్రం మీద ముక్కాలు వంతు చెక్కి వచ్చింది. గొట్టానికి గాడి, తాళానికి గుంట సిద్ధంగా ఉన్నాయి. అయితే అవి సిద్ధంగా ఉన్నట్లు కనిపిస్తాయి, అంతే. తాళాన్ని గుంటలో పెడితే ఒకవైపు కూర్చుంటుంది, రెండోవైపు వెంట్రుకవాసి లేచి ఉంటుంది. ఎక్కడ తగులుతున్నదో కంటికి కనిపించదు. అందుకని ఇనుముకు పలుచగా మసి పూసి గుంటలో అదిమి తీస్తారు. నలుపు అంటినచోట చెక్క ఎత్తుగా ఉన్నట్లు. అక్కడ మాత్రమే ఉలితో గీకి, మళ్ళీ మసి, మళ్ళీ అదమడం. బజారులో ఈ పనికి ప్రత్యేకమైన నల్లరంగు డబ్బాల్లో దొరుకుతుంది. నేను మా అమ్మ చేసినట్లు ఆముదపు దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టి, రెండు చుక్కల నూనెతో కలిపి కాటుక చేసుకున్నాను. తాళం ఒక్కటి కూర్చోవడానికి నలభై సార్లకు పైగా ఆ కాటుక పెట్టవలసి వచ్చింది. చివర్లో చేతివేళ్ళే కాక ముక్కు చివర కూడా నల్లబడి, మా అమ్మాయి దిష్టిచుక్క పెట్టుకున్నారా నాన్నా అని అడిగింది.

గొట్టం వెనుక భాగాన్ని మూసే ఉక్కు బిరడాను మాత్రం నేను ముట్టుకోలేదు. పేలుడు ఒత్తిడిని కాచేది అదే; అది తయారీదారు బిగించినట్లే ఉండాలి. అలాగే ఈ తుపాకీలో పాతకాలపు నల్ల తుపాకీమందు తప్ప నేటి తూటాల్లో వాడే పొగలేని మందును ఎన్నడూ వేయకూడదు. వేస్తే గొట్టం పగులుతుంది, పక్కనున్నవారి ప్రాణమూ పోవచ్చు.

ఇక రూపం. కొత్తవారు చేసిన తుపాకీని దూరంనుంచే గుర్తుపట్టవచ్చు: అది రోకలిలా లావుగా ఉంటుంది. యంత్రం వదిలిన చెక్కను తీయడానికి భయపడతారు. పాత తుపాకీలను గాజుపెట్టెల్లో చూసినప్పుడు నన్ను ఆశ్చర్యపరచినది వాటి సన్నదనమే. గొట్టం పక్కన చెక్క అంచు అంగుళంలో పదో వంతుకు మించదు. చేతితో పట్టుకునే మణికట్టు దగ్గర ఎంత సన్నగా ఉంటుందంటే, విరిగి మళ్ళీ రేకు కట్టించుకున్న పాత తుపాకీలు కోకొల్లలు. లాంకాస్టర్ వారి మడమ, అంటే భుజానికి ఆనించే వెనుక భాగం, అడుగు గీత తిన్నగా పోతుంది; లీహై లోయవారిది మెల్లగా వంపు తిరుగుతుంది, దాన్నిక్కడ రోమన్ ముక్కు అంటారు. నేను లాంకాస్టర్ పద్ధతి ఎంచుకున్నాను, తిన్నని గీత సులువనుకుని. తిన్నని గీతలో వెంట్రుకంత వంకరైనా ఇట్టే కనిపిస్తుందన్న సంగతి తరువాత బోధపడింది.

చారల మేపుల్ అందమూ దాని పొగరూ ఒకచోటనే ఉన్నాయి. ఆ చెక్కలో నార తిన్నగా పోక అలలుగా లేచి పడుతుంది. ఆ అలలే వెలుగులో పులిచారల్లా మెరుస్తాయి. ఉలి ఒక అలమీద చక్కగా జారుతూ పోయి, మరుసటి అల దగ్గర నారకు ఎదురెక్కి పెళ్ళ లేపుతుంది. బుగ్గ ఆనించే ఎత్తు కింద చుట్ట తిరిగే లతను చెక్కుతుండగా నాకదే జరిగింది. గోరంత పెళ్ళ ఎగిరి నేలమీద రంపపుపొట్టులో పడింది. గంటసేపు దీపం పట్టుకుని వెతికి, దొరికిన పెళ్ళను జిగురుతో మళ్ళీ అదే చోట అతికించాను. ఇప్పుడది ఎక్కడుందో చూపించమంటే నాకే కొంత సమయం పడుతుంది. ఆ తరువాత గరుకు కాగితం పక్కన పెట్టి, పలుచటి ఉక్కురేకు అంచుతో గీకడం అలవాటు చేసుకున్నాను. ఆనాటి పనివారు చేసింది కూడా అదే. గరుకు కాగితం అంచులన్నిటినీ గుండ్రం చేస్తుంది, రేకు అంచును అంచుగానే వదులుతుంది. నునుపు చేసిన చెక్కను తడిగుడ్డతో తుడిస్తే నార గడ్డంలా లేస్తుంది; ఆరనిచ్చి, దాన్ని గొరిగి, మళ్ళీ తడపాలి. మూడోసారికి గడ్డం రావడం మానుతుంది.

రంగు వేయడం ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటె ఇష్టమైన ఘట్టం. నైట్రికామ్లంలో ఇనుపరజను కరిగించిన పాత ద్రావకం ఉంది. ఇప్పుడు సీసాల్లో తయారుగా దొరుకుతుంది. తెల్లని మేపుల్ మీద దాన్ని పూస్తే వెంటనే పాచిపట్టినట్లు ఒక విధమైన ఆకుపచ్చ బూడిదరంగు వస్తుంది. అంతా చెడిపోయిందని గుండె జారుతుంది. అప్పుడు వేడిగాలి తగిలించాలి. వేడి తగిలినచోట పచ్చదనం కరిగిపోయి, ఎర్రని గోధుమరంగు అంగుళం అంగుళంగా చెక్కలోంచి పైకి వస్తుంది. నార అడ్డంగా తెగిన చారలు ద్రావకాన్ని ఎక్కువ తాగి ముదురుతాయి, తక్కినవి తేలికగా నిలుస్తాయి. దానిమీద అవిసె నూనె అరచేతితో పూత పూతగా రుద్దుతూ పోతే, చెక్కను అటూ ఇటూ తిప్పినప్పుడు చారలు తమ స్థానం మార్చుకున్నట్లు కనిపిస్తాయి. పన్నెండు పూతలు పూశాను. ఒక్కొక్క పూత ఆరడానికి ఒకటి రెండు రోజులు.

గొట్టానికి మాత్రం కావాలని తుప్పు పట్టించాలి. ఆకురాయితో పొడవునా రాచి యంత్రపు గీతలు పోగొట్టి, జిడ్డు తీసి, తుప్పు పట్టించే ద్రావకం పలుచగా పూసి తేమగా ఉన్నచోట వేలాడదీస్తారు. నేను మా స్నానాలగదిలో వేడినీళ్ళ బకెట్టు పెట్టి తలుపు మూశాను. వారంరోజులు ఇంట్లో నా మర్యాద ఏమంత నిలబడలేదు. ఎర్రగా లేచిన తుప్పును గరుకు గుడ్డతో తుడిచి, మళ్ళీ పూసి, మళ్ళీ వేలాడదీయాలి. ఏడెనిమిది మార్లకు రేగుపండు పండిన రంగు పడుతుంది. తరువాత వంటసోడా నీళ్ళతో కడిగి, నూనె పట్టిస్తే తుప్పు అక్కడితో ఆగుతుంది.

అలంకరణలో ప్రధానమైనది మడమ పక్కన పొదిగే ఇత్తడి మూత. గుండుకు చుట్టే గుడ్డపీలికలు, జిడ్డు దాచుకునే చిన్న అర అది. యేగర్ తుపాకీకి జారుడు చెక్క మూత ఉండేది. ఇక్కడివారు దాన్ని బందు కట్టిన ఇత్తడి తలుపుగా మార్చి, దాని తలను లాంకాస్టర్‌లో పువ్వుగా మలిచారు. నాజరెత్ పక్కన మొరేవియన్ క్రైస్తవుల స్థావరంలో క్రిస్టియన్ ఓర్టర్ అనే పనివాడు తన తుపాకీలమీద పేరు, సంవత్సరం చెక్కేవాడు. అతడు 1775లో చేసిన తుపాకీ ఒకటి 1971లో వ్యాలీ ఫోర్జ్‌లో చోరీ అయి, దాదాపు యాభై ఏళ్ళకు దొరికి, ఫిలడెల్ఫియాలోని అమెరికన్ విప్లవ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చింది. వీలైతే పిల్లలతో వెళ్ళి అటువంటి వాటిని చూడండి. మడమ గీత, ఇత్తడి పని, చెక్కుడు లతలు ఏవీ ఫొటోలో పూర్తిగా దక్కవు.

చట్టం సంగతి ప్రశ్నల్లో ఎలాగూ వస్తుంది గనుక ఇక్కడే చెబుతాను. 1968 నాటి అమెరికా ఫెడరల్ చట్టం ఈ తరహా తుపాకీలను ప్రాచీన ఆయుధాల కోవలో చేర్చి, మామూలు తుపాకీల నిబంధనల నుంచి చాలావరకు మినహాయించింది. రాష్ట్రాల చట్టాలు మాత్రం వేరువేరు, ముందు తెలుసుకోవాలి. మన భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ చేయడానికీ ఉంచుకోవడానికీ లైసెన్సు కావాలి. నాటు తుపాకీ కూడా తుపాకీయే. కాబట్టి ఇది ఊళ్ళో బావమరిదికి పట్టుకెళ్ళే కానుక కాదు.

చివరిగా పేరు. కొత్తగా చేసినదాన్ని రేపెవరో పాతదిగా అమ్మకుండా ఉండేందుకు, గొట్టం ఎనిమిది పలకల్లో పై పలకమీద పేరు, సంవత్సరం చెక్కడం నేటి పనివారి ఆచారం. నేను సంవత్సరాన్ని అంకెల్లో చెక్కి, నా పొడి అక్షరాలను తెలుగులో వేయాలని నిశ్చయించుకున్నాను. తాటాకుమీద గంటం తిప్పడానికి అనువుగా గుండ్రమైన అక్షరాలు ఉక్కుమీద ఉలికి ఎంతమాత్రం లొంగవు. ఇంగ్లీషు అక్షరంలో గీత తిన్నగా పోయి ఆగుతుంది. మన అక్షరంలో ఉలి తిరుగుతూనే ఉండాలి, తిరిగినంతసేపూ సుత్తి దెబ్బ ఒకే బరువున పడాలి. రెండు నెలలు పాత ఇత్తడి రేకులమీద సున్నలు చెక్కాను. గొట్టంమీద మొదటి అక్షరం బాగానే వచ్చింది. రెండోదాని తలకట్టు దగ్గర ఉలి జారి, తోక పావు అంగుళం బయటికి పోయింది. తుపాకీ ఆ బల్లమీద ఉంది; దగ్గరికి వచ్చి చూడవచ్చు, చేతికి తీసుకోవచ్చు. మందూ గుండూ లేవని ఇందాకే ఇద్దరం కర్రపెట్టి చూశాం. అయినా మూతిని ఎవరివైపూ తిప్పకండి.