ముందు వాళ్లు మనల్ని అడగాలి

శ్రోతలకు నమస్కారం.

మన శ్రీకాకుళం జిల్లా వాళ్లకు అండమాన్ పరాయి చోటేమీ కాదు. తీరం వెంబడి ఊళ్లలో ఎవరిని కదిపినా పోర్ట్ బ్లెయిర్‌లో మేనమామ ఉన్నాడనో, చిన్నాన్న కొడుకు ఉన్నాడనో చెబుతారు. వేటకని, కూలికని ఓడెక్కి వెళ్లి అక్కడే నిలదొక్కుకున్న కుటుంబాలవి. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది గానీ మన నోట ఇంకా పాత పేరే తిరుగుతోంది. ఇప్పుడు మనం సెలవులకని వెళ్తున్నాం. వెళ్లొచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట: హేవ్‌లాక్ దీవిలో స్కూబా డైవింగ్ చేశాం, చేపల మధ్య తిరిగాం, ఇదిగో వీడియో.

సరే, బాగుంది. నీళ్లు వెచ్చగా ఉంటాయి, అడుగు దాకా కనిపిస్తాయి, ఈత రాని వాళ్లను కూడా చెయ్యి పట్టుకుని దింపుతారు. కానీ అక్కడ డైవింగ్ సెంటర్లు ఒకటీ రెండూ కావు. దేనికి వెళ్లాలి? మనవాళ్లు ఫోన్ చేసి అడిగేవి రెండే: ఎంత తీసుకుంటారు, వీడియో ఫ్రీయేనా? అడగండి, తప్పులేదు. నేను చెప్పేది మాత్రం ఒక్కటే. మీరేం అడిగారన్నది పక్కన పెట్టండి. వాళ్లు మిమ్మల్ని ఏం అడిగారో చూడండి.

మా తోడల్లుడు రాజాంలో బడిపంతులు. క్రిందటి శీతాకాలం భార్యనీ కూతుర్నీ తీసుకుని అండమాన్ బయల్దేరుతూ, ముందుగా రెండు సెంటర్లకు ఫోన్ చేశాడు. మొదటి చోట మాట ఒక్క నిమిషంలో తేలిపోయింది. "రండి సార్, టెన్షనే వద్దు, అన్నీ మేం చూసుకుంటాం" అన్నారు. అన్నంతసేపు పట్టలేదు, అడ్వాన్సు కట్టమని ఫోన్‌కు మెసేజ్ వచ్చేసింది.

రెండో చోట ఒకావిడ ఎత్తింది. రేటు తర్వాత చెబుతానంది. పాప వయసెంత అనడిగింది. పదేళ్లు నిండకపోతే సముద్రంలో దింపమంది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా? గుండె జబ్బు? ఫిట్స్? రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా? చెవికి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా? తిరుగు విమానం ఎప్పుడు? మా వాడికి చిర్రెత్తుకొచ్చింది. "ఏటండీ ఇది, డబ్బులిస్తాం దింపండంటే ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసినట్టు రాస్తారేటి!" అని మా ఇంటికొచ్చి ఒకటే గొడవ.

కానీ ఆ చెవి ప్రశ్న దగ్గర అతనికి తగిలింది. చిన్నప్పుడు చెవిలో చీము కారి, కర్ణభేరికి చిల్లు పడి, విశాఖలో ఆపరేషన్ చేయించారు. ఆ సంగతి చెబితే ఆవిడ ఒకటే మాటంది: చెవి డాక్టరు రాసిస్తేనే మిమ్మల్ని నీళ్లలోకి దింపుతాను.

ఎందుకంత పట్టుదల? పల్లెల్లో పెరిగిన వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నేలబావిలో పందెం వేసి, అడుగున మట్టి తెస్తానని మునిగితే, నిలువు లోతు దాటేసరికి చెవులు పోట్లెత్తేవి, గుర్తుందా? పైనున్న నీటి బరువు కర్ణభేరిని లోపలికి నొక్కేస్తుంది. సముద్రంలో పది మీటర్ల లోతుకు వెళ్తే, పైన ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు ఒత్తిడి. మొదటిసారి దిగేవాళ్లను పన్నెండు మీటర్లు దాటనివ్వరు, అయినా అది చిన్న లోతేం కాదు. ముక్కు పట్టుకుని, నోరు మూసుకుని, మెల్లగా గాలి ఊది చెవుల్ని సర్దుకుంటూ దిగాలి. అలా సర్దుకోని చెవితో దిగితే కర్ణభేరి చిరిగిపోవచ్చు.

బావికీ సముద్రానికీ ఇంకో తేడా ఉంది, ఇది బాగా వినండి. బావిలో మనం పైన పీల్చిన గాలితో మునుగుతాం, దాంతోనే తేలుతాం. డైవింగ్‌లో వీపున కట్టిన సిలిండర్ నుంచి గాలి పీల్చేది కింద, ఒత్తిడిలో. పది మీటర్ల లోతులో నిండా పీల్చి ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెట్టింపుకు ఉబ్బుతుంది. ఊపిరితిత్తులు దాన్ని తట్టుకోలేవు. అందుకే ఊపిరి బిగబట్టకూడదు. ఎప్పుడూ బిగబట్టకూడదు. కంగారు పుట్టినా బిగబట్టకూడదు. దించే ముందు ఈ మాట మీతో తిరిగి చెప్పించుకోని సెంటర్ నాకైతే నచ్చదు. అన్నట్టు ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, కుక్కి నింపిన మామూలు గాలే.

ఇక విమానం సంగతి. మా వాళ్లు డైవింగ్‌ను ఊరించుకుంటూ ఆఖరి రోజుకు పెట్టుకున్నారు, మర్నాడు పొద్దున్నే ఫ్లైట్. ఆవిడ వీల్లేదు, ముందుకు జరపమంది. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది. అది మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా విమానమెక్కితే, పైన ఒత్తిడి తక్కువ కాబట్టి, ఒంట్లోనే బుడగలు కడుతుంది. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, ఒకటికి మించి దిగితే 18 గంటలు ఆగాలి. పూర్తిగా ఒక రోజు ఆగమనే వాళ్లే ఎక్కువ. టికెట్లు కొన్నాక ఈ లెక్క చూసుకుంటే ఏం లాభం?

శ్రీకాకుళంలో చెవి డాక్టరు చూసి వద్దనేశారు. తల్లీకూతుళ్లు దిగారు, మా వాడు పడవలో కూర్చున్నాడు. పైకొచ్చిన పాప చిలకచేప పగడపు దిబ్బను కొరుకుతుంటే పటపటమని శబ్దం వినిపించిందని ఊరొచ్చేదాకా చెబుతూనే ఉందట. మా వాడు మాత్రం ఇప్పటికీ, "నేనైతే దిగగలిగేవాణ్ణే, ఆవిడే పడనివ్వలేదు" అంటాడు. నేను ఆవిడ పక్షం.

మిగతావి గబగబా చెబుతాను, టైమవుతోంది. మొదటిసారి దిగేవాళ్లయితే ఒక్కొక్కరికి ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారా అని అడగండి. డైవింగ్ శిక్షణ సంస్థలు పాడీ గానీ ఎస్ఎస్ఐ గానీ ఆ ఇన్‌స్ట్రక్టర్‌కు ఇచ్చిన కార్డు చూపించమనండి, మంచివాళ్లు ఏమీ అనుకోరు. పడవలో ఎమర్జెన్సీ ఆక్సిజన్ ఉందో లేదో కనుక్కోండి.

చివరిగా జలుబు. ముక్కు దిబ్బడగా ఉంటే మాత్ర వేసుకుని దిగిపోదామనుకుంటారు. కింద ఉండగా మాత్ర పని తగ్గితే, పైకొచ్చేటప్పుడు గాలి చెవిలో ఇరుక్కుపోతుంది. ఆ రోజు దిగకండి, మర్నాటికి మార్పించుకోండి. అలా మారుస్తారా, కుదరకపోతే డబ్బు వెనక్కిస్తారా అన్నది మాత్రం అడ్వాన్సు కట్టకముందే ఫోన్‌లో అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి. ఉంటానండీ, నమస్కారం.