మందులో ఆ రింగ్ ఎందుకు? – ఫోన్-ఇన్

యాంకర్: హలో, చెప్పండి, లైన్లో ఉన్నారు.

కాలర్ 1: నమస్తే మేడం, నేను ఫార్మసీ ఫైనలియర్. ప్రాజెక్ట్‌కి క్యాన్సర్ మందు మాలిక్యూల్ డిజైన్ చేస్తున్నా, ఇండోల్, థయాజోల్, ట్రయాజోల్ అనే రింగులన్నీ కలిపి పెట్టేశా, డాకింగ్ స్కోర్, అంటే మందు ప్రోటీన్‌లో ఎంత బాగా అతుకుతుందో కంప్యూటర్ వేసే లెక్క, బాగానే వచ్చింది, కానీ మా గైడ్ గారు ఈ రింగ్ ఎందుకు పెట్టావ్ అంటే నోరు పెగల్లేదు.

డాక్టర్: స్కోర్ కాసేపు పక్కన పెట్టమ్మా. హెటరోసైకిల్ అంటే కార్బన్ రింగ్‌లో నైట్రోజనో ఆక్సిజనో సల్ఫరో కూర్చోవడం, ఆ కూర్చున్నది ఎవర్ని పట్టుకుంటోందో చూడాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు జెఫిటినిబ్ తీసుకో, అందులో క్వినాజోలిన్ అనే రింగ్ ఉంటుంది కదా, కణాన్ని పెరగమని చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్ గుంటలో, కణానికి శక్తినిచ్చే ఏటీపీ తాలూకు అడినిన్ భాగం బాండ్ పెట్టుకునే చోటే, మెథియోనిన్ 793 అనే అమైనో ఆమ్లం దగ్గర, క్వినాజోలిన్ ఒకటో నైట్రోజన్ వెళ్లి పట్టేసుకుంటుంది, ఇంక ఏటీపీకి చోటెక్కడిది? బ్లడ్ క్యాన్సర్ మందు ఇమాటినిబ్ అయితే నాకు మరీ ఇష్టం. మొదట్లో దొరికిన ఫినైల్ అమైనో పిరిమిడిన్ అనే మాలిక్యూల్ ప్రోటీన్ కైనేజ్ సీ అనే వేరే ఎంజైమ్‌ని కూడా ఆపేసేది, ఒక్క మిథైల్ తగిలిస్తే ఆ గొడవ పోయి ఆ క్యాన్సర్‌ని నడిపే ఏబీఎల్ ఎంజైమ్ మీద పని నిలిచింది, నీళ్లలో కరగడానికి మిథైల్ పైపరజీన్ అనే రింగ్ పెట్టారు, 2001లో అమెరికాలో అప్రూవల్ వచ్చింది. నీ మాలిక్యూల్లో ఒక్కో రింగ్ తీసేస్తే ఏం పోతుందో రాసుకో.

కాలర్ 1: ట్రయాజోల్‌కి ఏమీ రాయలేను మేడం.

డాక్టర్: అయితే అది తీసేసి మళ్లీ డాక్ చెయ్యి, గైడ్ గారికి రెండూ చూపించు.

యాంకర్: ఇంకో కాల్ ఉంది.

కాలర్ 2: మా నాన్నకి ఫైవ్ ఎఫ్‌యూ అనే క్యాన్సర్ మందు ఎక్కిస్తున్నారండి, నాలుగు రోజులుగా నోరంతా పుళ్లు, మంచినీళ్లు తాగినా మంటే. ఇదీ ఆ రింగ్ వల్లేనా?

డాక్టర్: అవునండి. అది మన ఆర్ఎన్ఏలో ఉండే యురాసిల్ రింగే, ఐదో చోట హైడ్రోజన్ బదులు ఫ్లోరిన్ ఉంటుంది, 1957లో హైడెల్‌బర్గర్ బృందం బయటపెట్టింది. థైమిన్ తయారీకి కావాల్సిన థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైమ్ దాన్ని తనదే అనుకుని పట్టుకుని ఇరుక్కుపోతుంది, డీఎన్ఏకి థైమిన్ అందదు. నోటి లోపలి పొర కూడా గబగబా పెరిగేదే కాబట్టి దానికీ దెబ్బ తగులుతుంది. విరేచనాలు, జ్వరం ఏమైనా ఉన్నాయా?

కాలర్ 2: నిన్నట్నుంచి విరేచనాలు ఆగట్లేదండి.

డాక్టర్: అయితే వచ్చే సైకిల్ దాకా ఆగకండి, ఈ కాల్ పెట్టేసి ఇప్పుడే ఆయన్ని చూసే ఆంకాలజిస్ట్‌కి చెయ్యండి. కొంతమందిలో ఈ మందుని విరిచే డీపీడీ ఎంజైమ్ తక్కువుంటుంది, అప్పుడు మందు ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతుంది, ఆ టెస్ట్ చేయించాలా అని కూడా అడగండి.

కాలర్ 2: సరేనండి, ఇప్పుడే చేస్తున్నా.