ఎక్కడిదాకా వచ్చావమ్మా?

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, వార్డెన్ గారికి, నన్ను పిలిచిన ఈ హాస్టల్ అమ్మాయిలకు, గుమ్మం దగ్గరే నిలబడిపోయిన ఆటో స్టాండు తమ్ముళ్లకు కూడా. లోపలికొచ్చి కూర్చోండి బాబూ, మీతో కూడా పని ఉంది.

మహిళా దినోత్సవం కదా, సాధికారత మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై రెండేళ్లు లెక్కల టీచరుగా పనిచేసిన దాన్ని, ఇచ్చిన పాఠం దాటి పోయే అలవాటు లేదు. ఈ ఒక్క రోజుకి మన్నించండి. రాత్రి పదిన్నరకి ఒక ఆడపిల్ల ఒంటరిగా క్యాబో ఆటోనో ఎక్కి ఇంటికి చేరడం, ఆ ఒక్క విషయమే మాట్లాడతాను.

మా అమ్మాయి గన్నవరం వైపు ఒక ఆఫీసులో పనిచేసేది. మా ఇల్లు ఇక్కడే విజయవాడ కృష్ణలంకలో. మూడేళ్ల కిందట ఒక రాత్రి యాప్‌లో క్యాబ్ బుక్ చేసుకుంది. బండి నంబరు సరిగ్గానే ఉంది, ఓటీపీ చెప్పింది, కారు కదిలింది. అప్పుడు చూసుకుంది, యాప్‌లో ఫొటో ఒకరిది, స్టీరింగు దగ్గర ఉన్నది ఇంకొకరు. అడిగితే "మా అన్న ఐడీ మేడం, రాత్రుళ్లు నేను తిప్పుతా" అన్నాడట. నిడమానూరు దగ్గర హైవే వదిలి ఎడమకి, పోరంకి రోడ్డులోకి తిప్పాడు. రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్ అన్నాడు. నిజమే కావచ్చు. ఆ దారిన వచ్చినా బెంజి సర్కిల్ చేరొచ్చు, ఈ ఊరివాళ్లకి తెలుసు. కానీ ఆ చీకట్లో, పేరు కూడా తెలియని మనిషి వెనకాల కూర్చున్న పిల్లకి అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

పోరంకి సెంటర్లో లైట్లు కనబడగానే "ఇక్కడ ఆపండి, మా అన్నయ్య వస్తున్నాడు" అని దిగిపోయింది. దానికి అన్నయ్య లేడు. అక్కడ టిఫిన్ బండి ఆవిడ స్టూలు వేసి కూర్చోబెట్టి, ఇంకో ఆటో వచ్చేదాకా పక్కనే నిలబడిందట. ఆ తల్లి ఎవరో ఇప్పటికీ తెలియదు. వెళ్లి వెతికాను, బండి అక్కడ లేదు.

కంపెనీకి ఫిర్యాదు పెడితే రెండు రోజులకి జవాబొచ్చింది. అసౌకర్యానికి చింతిస్తున్నామని ఒక లైను, తర్వాతి ప్రయాణానికి యాభై రూపాయల తగ్గింపు. ఆ డ్రైవరు ఏమయ్యాడు? ఆ ఐడీ ఏమైంది? ఒక్క మాట లేదు.

అయితే నాకు కంపెనీ మీద కంటే నా మీద ఎక్కువ కోపం. ఈ సంగతంతా నాకు తెలిసింది ఎనిమిది నెలల తర్వాత, సంక్రాంతికి ఇద్దరం అరిసెలు ఒత్తుతూ కూర్చున్నప్పుడు. రోజూ ఫోన్ చేసి "ఎక్కడిదాకా వచ్చావమ్మా" అని అడిగే తల్లిని నేను. ఆ రాత్రి కూడా అడిగాను. "బెంజి సర్కిల్ దాటానమ్మా" అంది. అప్పుడది పోరంకిలో ఆ స్టూలు మీద కూర్చుని ఉంది.

ఎందుకు దాచావే అంటే, "చెబితే ఉద్యోగం మానెయ్యమంటావని" అంది. అవును, మానెయ్యమనేదాన్ని. ఇక్కడున్న తల్లులూ, ఒక్కసారి గుండె మీద చెయ్యేసుకోండి. మీరు మాత్రం అనరా? పిల్ల భయపడినప్పుడు ముందు మనకే దాచిందంటే, ఆ రాత్రి దానికి డ్రైవరు ఎంత పరాయివాడో నేనూ అంతే పరాయిదాన్నయ్యాను.

నా చిన్నప్పుడు కృష్ణలంకలో ఒక రిక్షా తాత ఉండేవాడు. మా నాన్న మమ్మల్ని ఆయన రిక్షాలోనే బడికి పంపేవాడు. ఆయన ఇల్లు తెలుసు, పిల్లలు తెలుసు. ఇప్పుడు ఊరు పెరిగింది, ఎవరి బండి ఎవరు ఎక్కుతున్నారో తెలియదు. ఆ తెలిసిన మనిషి స్థానంలో మనకిప్పుడు మిగిలింది ఫోన్లో ఉండే బుకింగ్ రికార్డు ఒక్కటే. అందుకే దాన్ని పోగొట్టుకోవద్దని ఇంత చెబుతున్నాను.

2014 జనవరిలో మన మచిలీపట్నం అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సెలవులకి ఇంటికొచ్చి మన విజయవాడ స్టేషన్లోనే ముంబయి రైలెక్కింది. తెల్లవారుజామున లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగింది. మళ్లీ ప్రాణాలతో కనబడలేదు. దింపుతానని నమ్మించి ఒకడు బైకు మీద తీసుకెళ్లాడని పోలీసులు కేసు పెట్టారు. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు సాక్ష్యాలు నిలబడలేదని అతన్ని విడిచిపెట్టింది. పదకొండేళ్లు! ఆ పిల్ల ఎవరి వెంట వెళ్లిందో చెప్పే చీటీ ముక్క లేదు. ఆ తండ్రి ఎవరిని అడగాలి?

అదే 2014 డిసెంబరులో ఢిల్లీలో ఒక యాప్ క్యాబ్ డ్రైవరు తన కారెక్కిన అమ్మాయి మీద అత్యాచారం చేశాడు. ఆ డ్రైవరు రెండు రోజుల్లో దొరికాడు, మరుసటి ఏడాది జీవిత ఖైదు పడింది. కానీ అతని మీద అంతకుముందే కేసులున్నాయని తర్వాత బయటపడింది. అంటే రికార్డుంటే మనిషి దొరుకుతాడు. మనిషిని ముందే సరిగ్గా చూసుకుంటే అసలు ఆ రాత్రే రాదు. డ్రైవర్లకి పోలీసు వెరిఫికేషన్ ఉండాలని కేంద్రం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది, 2025 జులైలో వచ్చిన కొత్త వాటిలోనూ ఉంది. మరి అన్న ఐడీ మీద తమ్ముడు ఎలా తిప్పాడు?

ఇంకొకటి వినండి. కొత్త ట్యాక్సీల్లో, బస్సుల్లో బండి ఎక్కడుందో చూపే పరికరం, ఆపదలో నొక్కే ప్యానిక్ బటన్ 2019 జనవరి నుంచి తప్పనిసరి. ఆ నిబంధనలో మూడు చక్రాల బండికి, రెండు చక్రాల బండికి మినహాయింపు ఇచ్చారు. మన ఊళ్లో ఒంటరి ఆడపిల్ల ఎక్కేది ఏది తల్లీ? సర్వీసు ఆటో, యాప్ ఆటో, బైక్ ట్యాక్సీ. బటన్ అవసరమైన చోటే బటన్ లేదు.

ఇప్పుడు తమ్ముళ్లూ, మీ సంగతి. ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడ, క్యాషా ఆన్‌లైనా" అని అడిగి, "క్యాన్సిల్ చేసేయండి మేడం, ముప్పై తగ్గించి తీసుకెళ్తా" అంటారు. కమీషన్ పోతే మీకు మిగిలేదెంతో నాకు తెలుసు. దాని మీద కంపెనీతో పోట్లాడండి, నేనూ వచ్చి మీ పక్కన కూర్చుంటాను. కానీ రాత్రిపూట ఒక ఆడపిల్లని క్యాన్సిల్ చెయ్యమని మాత్రం అడగొద్దు. ఆ బుకింగ్ చెరిగిపోతే, రేపు ఏదైనా జరిగితే, నువ్వు మంచివాడివని చెప్పే రుజువు కూడా చెరిగిపోతుంది నాయనా.

అమ్మాయిలూ, ముప్పై రూపాయలు పోనివ్వండి. నంబరూ ముఖమూ రెండూ చూశాకే ఓటీపీ చెప్పండి. ముఖం తేడాగా ఉంటే ఎక్కకండి, మొహమాటం వద్దు. ట్రిప్ షేర్ చేసేది నిద్రపోయే వాళ్లకి కాదు, మేలుకుని చూసేవాళ్లకి. భయం వేస్తే 112 కొట్టండి, మన పోలీసుల శక్తి యాప్ ఫోన్లో ఉంచుకోండి. ఏ స్టేషన్‌కైనా వెళ్లండి, మా పరిధి కాదు అనడానికి లేదు, జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. ఆఫీసు క్యాబ్‌లో ఎవరైనా వేధిస్తే అది ఆఫీసులో వేధించినట్టే, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టంలో ఆఫీసు ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిచేసే చోటే. ట్రిప్ అయిపోయాక వద్దన్నా మెసేజీలు పెట్టేవాడి మీద వెంటపడి వేధించిన కేసు పెట్టొచ్చు.

చాలాసేపు తీసుకున్నాను, గంట కూడా కొట్టారు. ఇంకొక్క మాట, వార్డెన్ గారితో.

అమ్మా, మీ గేటు తొమ్మిదిన్నరకి వేసేస్తారు. రైలు లేటయి పన్నెండుకి దిగిన పిల్ల తెల్లారేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చుంటోందని వీళ్లే నాతో చెప్పారు. రక్షణ కోసమే గేటు వేస్తున్నారని నాకు తెలుసు. కానీ ఆ గేటు అవతల ఆటో దిగి నిలబడ్డ పిల్లకి ఏది రక్షణ? వాచ్‌మన్ నంబరు ఒకటి గోడ మీద రాయించండి, రాత్రి ఏ గంటకి కొట్టినా తీసేలా. ఎందుకు లేటయిందో పొద్దున అడగొచ్చు. ఆ నంబరు రాయించడానికి పెయింటు డబ్బా, బ్రష్షు తెచ్చాను, నా సంచిలో ఉన్నాయి.