వంకాయ మానేశారు సరే, బజ్జీల సంగతేంటి?

నమస్కారం. ఈ మధ్య మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. డెబ్బై దాటాయి ఆవిడకి. మోకాళ్ళు పట్టేస్తున్నాయని వంకాయ, బంగాళాదుంప, కందిపప్పు మూడూ మానేసింది. "వాతం చేస్తాయిరా" అంటుంది. సరే అనుకున్నా. సాయంత్రం నాలుగయ్యేసరికి టీ, ఆరు బిస్కెట్లు, ఆ వెనకే పళ్ళెం నిండా మిర్చి బజ్జీలు! వంటింట్లోకి తొంగి చూస్తే మూకుట్లో నూనె డికాషన్‌లా నల్లగా ఉంది. మొన్న పునుగులు వేసిన నూనేనట. పారబోయడానికి మనసొప్పలేదట.

ఇవాళ ఆ మూకుడు గురించే మాట్లాడుకుందాం.

దెబ్బ తగిలితే వాపు వస్తుంది. అది ఒంటిని కాపాడే పని, పనయ్యాక తగ్గిపోవాలి. వయసు మీద పడేకొద్దీ అది పూర్తిగా ఆరకుండా నివురు గప్పిన నిప్పులా లోపలే ఉండిపోతుంది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ 2000లో దీనికి 'ఇన్‌ఫ్లమేజింగ్' అని పేరు పెట్టారు. రక్తపరీక్షలో సీఆర్పీ అని రాస్తారే, ఆ నిప్పు జాడ చెప్పే గుర్తుల్లో అదొకటి.

తిండిలో ఏది దీన్ని ఎగదోస్తుంది, ఏది చల్లారుస్తుంది అని లెక్క కట్టడానికి అమెరికాలో సౌత్ కరోలినా యూనివర్సిటీ వాళ్ళు ఒక సూచీ తయారుచేశారు. 2014లో వచ్చిన దాంట్లో 45 అంశాలున్నాయి. ట్రాన్స్ ఫ్యాట్ (వనస్పతిలోనూ, పెద్దమ్మ మూకుట్లోలా మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలోనూ ఉండే చెడ్డ కొవ్వు), నెయ్యి, వెన్నల్లో ఉండే సంతృప్త కొవ్వు ఎగదోసే వైపు. పీచు, చేపల్లో, అవిసె గింజల్లో ఉండే ఒమేగా-3 కొవ్వు, పసుపు, అల్లం, వెల్లుల్లి, ఉల్లి చల్లార్చే వైపు. వంకాయ పేరు అందులో లేనే లేదు. అలాగని రాత్రి పసుపు పాలు తాగేసి, పొద్దున్న నాలుగు పూరీలు లాగిస్తే లెక్క సరిపోదండోయ్. పసుపులోని కర్‌క్యుమిన్ ఒంటికి పట్టేదే బహు తక్కువ.

మోకాళ్ళ విషయంలో గట్టి ఆధారం ఇంకోటుంది. బరువు ఎక్కువై మోకీళ్ళు అరిగిన 454 మంది పెద్దవాళ్ళను 18 నెలలు గమనించారు, ఫలితాలు 2013లో వచ్చాయి. తిండి ఒక్కటే మార్చినవాళ్ళ కంటే, వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ళ కంటే, రెండూ కలిపి చేసినవాళ్ళకి నొప్పి ఎక్కువ తగ్గింది. ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని అంతకుముందే తేలింది.

ఇక పప్పు మానేయడం ఉంది చూడండి, అదే నాకు బాధ. పెద్ద వయసులో కండ ఎలాగూ కరుగుతుంది. మాంసం తినని ఇంట్లో పప్పు కూడా పోతే ప్రోటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? కండ తగ్గితే భారమంతా కీలు మీదే పడుతుంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం కంచంలో సగం కూరగాయలు, పళ్ళు ఉండాలి. మన కంచంలో సగం, ఇంకా పైన, అన్నమే కదా!

ఒక్క మాట. కీలు ఎర్రబడి, వేడిగా, ఉబ్బి ఉంటే తిండి మార్పులతో కాలయాపన చేయకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకుంటూ కండరాల నొప్పులుంటే అదీ చెప్పండి. విటమిన్ డి తక్కువైనా ఒళ్ళు నొప్పులొస్తాయి.

పెద్దమ్మ చేత ఆ నూనె పారబోయించాను. మొన్న ఫోన్ చేస్తే గుత్తి వంకాయ చేశానంది. "కాళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నా. "మేడ మెట్లు ఎక్కుతున్నాలే గానీ, నాలుగయ్యేసరికి నాలుక పీకుతోందిరా" అంది.